ఎదురుగా వచ్చి చెప్పే మాట

బుల్లెమ్మ నరసరావుపేట వచ్చిన మూడో రోజున ఎదురింటి వాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఇటువైపు ఏదో పెద్ద గొడవ జరుగుతోందనుకున్నారు. బుల్లెమ్మ కోడలిని అడిగింది ఒక్కటే.

"పప్పులో ఉప్పేశావా?"

కోడలు నాగమల్లేశ్వరి వేశానంది. పొయ్యి వైపు తిరిగి, మెల్లగా. బుల్లెమ్మ మళ్ళీ అడిగింది, ఇంకా గట్టిగా. ఈ అత్త ఎలాంటిదో ఆ వీధి అప్పుడే తేల్చేసుకుంది.

బుల్లెమ్మది మాచర్ల. ఊరి బయట, రోడ్డు పక్కన, బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. మిషను చక్రం నాపబండ మీద తిరుగుతుంటే పక్కన నిలబడి నీళ్ళు పోయాలి. నునుపు తేలిన బండను కడగాలి. ఇంకొకరితో కలిసి మోసుకెళ్ళి నీడలో నిలబెట్టాలి. భర్త కోత మిషను దగ్గర ఉండేవాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, నలభై రెండేళ్ళకే పోయాడు. కొడుకు మణికంఠ ఫ్యాక్టరీ వెనక రెండు వరసల ఇళ్ళ మధ్య పెరిగాడు. పెద్దయ్యాక లారీ ఎక్కాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక తల్లిని తనతో తెచ్చుకున్నాడు.

కొత్త ఇంట్లో ఆమెకు చాలా రోజులు తోచలేదు. సాయంత్రం ఆరు కాగానే చేతులు ఖాళీగా అనిపించేవి. ఫ్యాక్టరీలో ఆ వేళకు మిషను ఆపేవారు. స్విచ్ ఆపాక కూడా చక్రం కాసేపు తిరిగేది. అది పూర్తిగా నిలిచేదాకా ఆడవాళ్ళంతా ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడి చూసేవాళ్ళు. ఎవరూ చెప్పింది కాదు, అలవాటు. తర్వాత మోకాళ్ళ దాకా కాళ్ళు కడుక్కునేవాళ్ళు. బూడిదరంగు నీళ్ళు కాలవలో మెల్లగా పోయేవి. మొహం కడిగితే గానీ ఎవరు ఎవరో తెలిసేది కాదు.

ఇక్కడ ఎప్పుడు చూసినా మొహం శుభ్రంగానే ఉంది. పలకరించే వాళ్ళే లేరు.

నాగమల్లేశ్వరి ఈపూరు దగ్గర రైతుల ఇంటి పిల్ల. పుట్టింట్లో ఆడవాళ్ళు గొంతు పెంచింది లేదు. జాకెట్లు కుడుతుంది. వెలుతురు కోసం కుట్టుమిషను కిటికీ వైపు వేసుకుంది, వీపు ఇంట్లోకి ఉంటుంది. ఏదైనా అడిగితే తల వంచుకునే అడిగేది. అత్త పలికేది కాదు. ఒకసారి, రెండుసార్లు చూసింది. పల్లె పిల్లనని చులకన కాబోలు అనుకుంది. బుల్లెమ్మ ఇంకో రకంగా అనుకుంది. ఈ పిల్ల గుడ్డతోనే మాట్లాడుతుంది, నాతో మాట్లాడదు అని.

మణికంఠకు ఇదంతా అర్థమయ్యేది కాదు.

"నాతో బానే మాట్లాడుద్దిగా మా అమ్మ," అనేవాడు.

"నీతో మాట్లాడుద్దిలే. కొడుకువి," అనేది నాగమల్లేశ్వరి.

ఆరు నెలలు గడిచాయి. మణికంఠ లోడు వేసుకుని ఒడిశా వెళ్ళాడు. పది రోజుల పని. ఆ మంగళవారం మధ్యాహ్నం బుల్లెమ్మ వెనక చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నాగమల్లేశ్వరి అప్పటికి వారం నుంచి ఒక మాట దాచుకుని ఉంది. మొగుడికి ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. ఆడమనిషికి ముందు చెప్పాలనిపించింది. కుట్టు ఆపింది. సిగ్గుతో వెనక్కి తిరగలేకపోయింది.

"అత్తా, నాకు నెల తప్పింది."

బుల్లెమ్మ చేట తీసుకుని లేచింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నాగమల్లేశ్వరి మొగుడికి ఫోన్ చేసింది.

"మాచర్లలో ఖదీజా వాళ్ళ పిల్ల పెళ్ళి ఉందిగా. మీ అమ్మని తీసుకుపోతా. అక్కడే ఉండనీ ఇంక. ఆమె ఈ ఇంట్లో ఉంటే నేను ఈపూరు పోతా, మళ్ళీ రాను."

"ఏమైందే?"

"ఏం కాలా. అదే, ఏమీ కాలా."

నాగమల్లేశ్వరి అత్త చీరలన్నీ ఒక్కటి మిగలకుండా సంచిలో సర్దింది.

మాచర్లలో ఫ్యాక్టరీ గేటు తుప్పు పట్టి ఉంది. లోపల మిషన్లు లేవు, అవి నిలబడిన సిమెంటు దిమ్మెలు మాత్రం ఉన్నాయి. నేల మీద అమ్ముడుపోని బండలు కొన్ని, మధ్యలో గడ్డి. బుల్లెమ్మ గేటు దగ్గర ఆగింది. తన దిమ్మె ఏదో వేలితో చూపించింది, ఎవరికో చూపిస్తున్నట్టు. వెనక రెండు వరసల ఇళ్ళలో ఏడెనిమిది ఇళ్ళలోనే మనుషులున్నారు ఇప్పుడు. మిగతా వాళ్ళు మిర్చి కోతలకని, మేస్త్రీ పనులకని తలోదిక్కు పోయారు.

ఖదీజా ఇంటి ముందు షామియానా కింద ఆరుగురు ఆడవాళ్ళు వెల్లుల్లి వలుస్తున్నారు. ఖదీజా పాతికేళ్ళు బుల్లెమ్మతో బండకు రెండో వైపు పట్టిన మనిషి.

"ఏంది బుల్లెక్కా, పేట నీళ్ళకి తెల్లబడ్డావే!"

"తెల్లబడక ఏం చేస్తానే, పొద్దస్తమానం ఇంట్లోనే! నువ్వేంది ఇట్టా బస్తాలాగా తయారయ్యావు?"

"బస్తానేలే! మోసేవాడికి లేని బాధ నీకేంది!"

"మోస్తన్నాడా పాపం? అందుకేనా మీ ఆయన అట్టా వంగిపోయింది!"

నాగమల్లేశ్వరి సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. మొదట తిట్టుకుంటున్నారనుకుంది. అందరూ పగలబడి నవ్వుతున్నారు. నరసరావుపేటలో బుల్లెమ్మది ఏ గొంతో, ఇక్కడ అందరిదీ అదే గొంతు. ఇక్కడ అది ఎవరికీ ఎక్కువ కాలేదు.

ఆమె ఒక మూల కూర్చుని చూడసాగింది.

పెళ్ళికూతురు ఆసియా లోపలి నుంచి వచ్చింది. తల్లిని వెనక నుంచి పిలవలేదు. ముందు భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి గొంతుక్కూర్చుంది. ఖదీజా కళ్ళెత్తేదాకా ఆగింది. అప్పుడడిగింది, బియ్యం బస్తాలు ఎక్కడ దింపించాలని.

ఇంకొకామె వచ్చింది. ఆమె కూడా అంతే. భుజం, ఎదురు, కళ్ళు, తర్వాతే మాట.

మణికంఠ లారీ దిగి ఇంటికి రాగానే చేసేది కూడా అదేనని నాగమల్లేశ్వరికి తట్టింది. చెప్పులు విడిచి, తల్లి భుజం తట్టి, ఎదురుగా కూలబడతాడు. పెళ్ళయినా పసిపిల్లాడే, గారాలు పోతున్నాడని ఇన్నాళ్ళూ లోలోపల ఉడుక్కుంది.

ఆసియా పక్కకు వచ్చినప్పుడు అడిగింది. "అందరూ అట్టా ముందుకొచ్చి చెప్తన్నారేంది?"

"ఇక్కడింతే వదినా. వీళ్ళ చెవులు మిషను తినేసింది. ఫ్యాక్టరీ మూసినాక డాక్టర్లు వచ్చి పరీక్ష చేశారు. మా అమ్మకి ఒక చెవి చానా పోయింది. బుల్లెమ్మ పెద్దమ్మ అప్పటికే మీ దగ్గరికి వచ్చేసిందిగా. ఆమె చక్రం పక్కనే ఉండేది, ఇంకా ఎక్కువే పోయుంటది."

"ఆమెకి తెలుసా?"

"డాక్టర్లు చెప్పేదాకా మాకే తెలీదు వదినా. అందరం అరిచేవాళ్ళమే కదా, ఎవరిది పోయిందో ఎట్టా తెలుస్తది?"

నాగమల్లేశ్వరి అత్త వైపు చూసింది. వెల్లుల్లి పొట్టు గాలికి లేచి షామియానా అంచుకు తగిలి పడుతోంది. లేచింది. అత్త వెనక్కి వెళ్ళి భుజం మీద చెయ్యి పెట్టింది. ఆరు నెలల్లో ఆమెను తాకడం అదే మొదలు. ఎముక గట్టిగా తగిలింది. చుట్టూ తిరిగి ఎదురుగా కూర్చుంది. బుల్లెమ్మ తలెత్తి, ఆశ్చర్యంగా, కోడలి పెదవుల వైపు చూసింది.

"అత్తా. నాకు నెల తప్పింది."

"ఏందే! నెల తప్పిందా!"

ఆ కేక రెండు వరసల ఇళ్ళకూ వినపడింది. ఖదీజా వెల్లుల్లి చేట పక్కకు తోసి వచ్చింది. ఎవరో చక్కెర డబ్బా తెచ్చారు. తండ్రి కాబోయేవాడు ఒడిశాలో ఏ ఘాట్ రోడ్డు మీదో ఉన్నాడు. అతనికి తప్ప అందరికీ తెలిసిపోయింది.

"ఇంత మాట ఇన్నాళ్ళు నోట్లో పెట్టుకుని కూర్చున్నావా? అత్తనే కదా, నాకు చెప్పొద్దా?" అంది బుల్లెమ్మ.

"చెప్పానత్తా."

"ఎప్పుడు?"

"మొన్న మంగళవారం. నువ్వు బియ్యం ఏరతన్నావు. నేను కిటికీ వైపు తిరిగి చెప్పా."

బుల్లెమ్మ నోట్లో చక్కెర అలాగే ఉండిపోయింది. కోడలిని చూసింది. పక్కనున్న ఖదీజాను చూసింది. ఖదీజా తన చెవిని ఒకసారి వేలితో ముట్టుకుంది. బుల్లెమ్మ కూడా తన చెవి దాకా చెయ్యి తీసుకెళ్ళి, మధ్యలో దించేసింది.

కోడలిని అడిగింది. ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి.

"ఇంకా ఏమేం చెప్పావే?"

పెళ్ళయిన మర్నాడు ఇద్దరూ మాచర్ల బస్టాండుకు వచ్చారు. బుల్లెమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, నాగమల్లేశ్వరి టీ కొట్టు స్టూలు ఒకటి లాక్కొచ్చి ఎదురుగా వేసుకుంది.

"మొదటి రోజు వేణ్ణీళ్ళు పెట్టనా అని అడిగా."

"అడిగావా? చన్నీళ్ళే పోసుకున్నా నేను."

"దీపావళికి మా చెల్లెలొచ్చినప్పుడు నీకు తలదువ్వి జడేస్తానంది. నువ్వు లేచి పోయావు. ఏడ్చింది అది."

"నాకు జడేస్తానందా?" బుల్లెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ పిల్లని మళ్ళీ రమ్మను. ఇంకా?"

చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూస్తున్నారు. అత్తాకోడళ్ళు నడి బస్టాండులో దెబ్బలాడుకుంటున్నారని ఒకతను పక్కవాడికి చెప్పాడు. టీ కొట్టతను స్టూలు కోసం వచ్చి, ఏమనుకున్నాడో, వెళ్ళిపోయాడు.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు దిగి "నరసరావుపేట, నరసరావుపేట" అని అరిచాడు. అది బుల్లెమ్మకూ వినపడింది. బస్సులో పక్కపక్కన కూర్చోవాలి.

"ఈ బస్సు పోనీయ్," అంది. "ఊఁ, దీపావళి అయినాక?"