మామ కోసం లేచి నిలబడ్డ కారు

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో చివరికి ఒక కారు నడివీధిలో అడ్డం పడుతుంది. తేరు చూడబోయే జనం దాని వెనక ఆగిపోతారు, గుండిగలో ఉండాల్సిన అంబలి సీటు మీద ఉంటుంది. తప్పు ఎవరిదా అని మీరు వెతుక్కోనక్కర్లేదు. స్టీరింగు పట్టుకున్నవాణ్ణి నేనే, ఏరికోరి ఆ చక్రాలు తెచ్చి తగిలించినవాణ్ణీ నేనే.

మా మామ ఎం. వరదరాజులు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ముచ్చటపడి కొనుక్కున్న చిన్న కారును ఏళ్ళ తరబడి తుడుచుకుని తుడుచుకుని, చూపు ఆనడం తగ్గాక నా చేతికిచ్చాడు. ఇస్తూ ఒకటే షరతు పెట్టాడు. ఏటా తమిళుల ఆడి మాసంలో, పుదుచ్చేరి పక్కనే ఉన్న వీరాంపట్టినం అమ్మవారి తేరుకు తనను ఆ కారులోనే తీసుకుపోవాలి. తేరు కదిలే వేళకు తన చెయ్యి వడం మీద ఉండాలి. వడమంటే తేరును లాగే లావుపాటి మోకు. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆయన దాన్ని పట్టుకోని ఏడు లేదు.

చిక్కల్లా ఆయన మోకాళ్ళతో వచ్చింది. మా కారు నేలకు అతుక్కున్నట్టు ఉంటుంది. అందులోకి దిగడమంటే చాప మీద కూర్చోవడమే, లేవడం సంగతి చెప్పక్కర్లేదు. కిందటేడు తేరు చూసి వచ్చాక నేనూ మా ఆవిడ కస్తూరీ చెరో చెయ్యి పట్టి మామను బయటికి లాగితే, ఆయన కంటే ముందు ఆయన చెప్పులు వచ్చాయి. "ఈ బండి నన్ను మింగతా ఉండాది మాప్ళ" అన్నాడు రొప్పుతూ. ఆ మాట నా మనసులో గుచ్చుకుంది. మాప్ళ అంటే అల్లుణ్ణి కదా, నాకొక ఆలోచన వచ్చింది. నాకు ఆలోచన వచ్చిందంటే మా ఇంట్లో అందరూ కాస్త జాగ్రత్తపడతారు.

ఆలోచన చాలా సులువైనది. పెద్ద చక్రాలు వేస్తే కారు పైకి లేస్తుంది. కారు లేస్తే సీటు లేస్తుంది. సీటు లేస్తే మామ లేస్తాడు. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి.

తప్పు టైరు పక్కన రాసిన అంకెల దగ్గర మొదలైంది. ఒకే వరుసలో మూడు అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. చివరిది లోపలి రిమ్ము, అంగుళాల్లో. మధ్యది టైరు ఎత్తు అన్నారు, కానీ అది కొలత కాదట, వెడల్పులో అంత శాతమట. ఒకే వస్తువును ముగ్గురు మనుషులు మూడు ఊళ్ళలో కూర్చుని కొలిచినట్టుంది. నటేశన్ నగర్‌లో మా ఎదురింటి ఎతిరాజన్న నాకు అర్థం చేయిస్తానని మా వాకిట్లో కస్తూరి వేసిన ముగ్గు పక్కనే సుద్దముక్కతో టైర్లు గీశాడు. చాలాసేపు చూశాను. ముగ్గు బాగా అర్థమైంది.

చివరికి కడలూరు రోడ్డు మీద కిరుమాంబాక్కంలో ఒక చక్రాల కొట్టుకు పోయాను. కొట్టు సెల్వం ఓపికమంతుడు. తమిళంలో చాలా మర్యాదగా మాట్లాడాడు.

"పెద్ద రిమ్ము వేస్తే పైన సన్న టైరు వెయ్యాల సార్. అప్పుడే మొత్తం ఎత్తు పాతదానంతే వస్తుంది."

"పాతదానంతే వచ్చేదానికి నేను ఇంతదూరం ఎందుకు రావాల?"

"చూసేదానికి బాగుంటుంది సార్."

"చూసేదానికి కాదప్పా, మా మామ దిగేదానికి."

సెల్వం నన్ను ఎగాదిగా చూశాడు. అలాంటి గిరాకీ ఆయనకు తగిలినట్టు లేదు. లావు టైరు వేస్తే లోపల ఒరుసుకుంటుందని చెప్పాడు, ఒద్దని చెప్పాడు, ఇంజను కూడా పాతదేనని గుర్తుచేశాడు. నేను ఊ అంటూనే లావు టైరు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆఖరికి ఆయన వెనక సీట్లో మనుషులు బాగా కూర్చుంటారా అని అడిగాడు. నేను నిజమే చెప్పాను, ఏడాదికొకసారి మాత్రమే అని. ఆ ఒక్కసారి కోసమే ఇదంతా చేస్తున్నానన్న సంగతి ఆయనా అడగలేదు, నాకూ తట్టలేదు. సరే మీ ఇష్టమని ఆయన జాకీ తెచ్చాడు.

తిరుగు ప్రయాణం గురించి ఏం చెప్పమంటారు. ఎన్నడూ లేనిది ఆ రోజు బస్సులో కూర్చున్నవాళ్ళ మొహాలు కనిపించాయి. కడలూరు రోడ్డు సాఫీగా, దాదాపు తిన్నగా ఉంటుంది, కారులో నేనొక్కణ్ణే ఉన్నాను, ఏ చప్పుడూ లేదు. మా వీధి మలుపు తిరిగేటప్పుడు మాత్రం కింద గుర్రుమంది. కొత్త టైర్లు కదా, గొంతు సవరించుకుంటున్నాయనుకున్నాను.

సాయంత్రం మామ వచ్చి కారు చుట్టూ తిరిగాడు. తలుపు తీసి కూర్చున్నాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాడు. మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాడు. "చూసినావా కస్తూరీ, నేనే లేచినా" అన్నాడు బడిలో బహుమతి కొట్టినవాడిలా. ఆ మొహం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. అంత మంచి అల్లుడు పుదుచ్చేరి మొత్తంలో ఇంకొకడు ఉండడని నాకు నేనే అనుకున్నాను.

తేరు రోజు పొద్దున్నే బయలుదేరాం. మామ అలవాటు ప్రకారం వెనక ఎడమవైపు కూర్చున్నాడు. పక్కన కస్తూరి, ఆమె ఒళ్ళో గుండిగ నిండా అమ్మవారికి మొక్కుకున్న అంబలి. మా వీధి చివర స్పీడు బ్రేకరు ఎక్కి దిగామో లేదో, వెనకనుంచి గర్రుమని ఒక చప్పుడు, దాని వెనకే ఒక కమురు వాసన వచ్చాయి.

"యాడో ఏందో కాలతా ఉండాది మాప్ళ" అన్నాడు మామ.

ఎవరో చెత్త తగలబెడుతున్నారని చెప్పాను. ఇంకో బ్రేకరు వచ్చింది. మళ్ళీ అదే గర్రు, ఈసారి అంబలి కూడా ఎగిరి సీటు మీద పడింది.

"ఆ చెత్త మన కిందనే వస్తా ఉండాది" అంది కస్తూరి.

కారు పక్కకు తీసి ఆపాను. అప్పుడు మొదలైంది అసలు తికమక. మామను ముందు సీటుకు మార్చాను. వెనక చప్పుడు ఆగిపోయింది, కానీ ఎడమకు తిప్పగానే ముందు చక్రం అరిచింది. కస్తూరిని ముందుకు, మామను వెనక మధ్యకు తెచ్చాను. ఇప్పుడు రెండు వెనక చక్రాలూ అరిచాయి. అంబలి గుండిగను డిక్కీలో పెట్టాను, తీశాను, నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. ఏ మనిషి ఎక్కడుంటే ఏ చక్రం అరుస్తుందో నాకు అంతు చిక్కలేదు. ఆఖరికి ఒక్కసారి అందరినీ దించి ఒక్కణ్ణే నడిపి చూశాను. మలుపులో మొదటి రోజు గుర్రు తప్ప చప్పుడే లేదు. కస్తూరిని ఎక్కించుకున్నాను. అప్పుడూ అంతే.

"నాయిన దిగితే బండి బాగుండాది" అంది కస్తూరి. అన్నాక నాలుక కరుచుకుంది.

రోడ్డు పక్కన ముగ్గురం నిలబడ్డాం. ఆయన కోసం లేపిన బండి ఆయన ఒక్కణ్ణే మొయ్యనంటోంది. మామ కారు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. "మీరు పోయి రాండి. నేను ఇంటికి పోతా. ఈ ఏడు నాకు రాసి లేదేమో" అన్నాడు. నాకు అక్కడే నేలలోకి దిగిపోదామనిపించింది. ఎత్తు కారుతో పడ్డ అవస్థ చాలు, నేనైనా తగ్గాలి కదా.

ఆయన్ను బతిమాలి ముందు సీట్లో కూర్చోబెట్టాను. ముందు కూర్చుంటే చిక్కు ఎడమ మలుపులోనే కాబట్టి ఎడమకే తిరగకూడదని తీర్మానించాను. ఎడమకు పోవాల్సిన ప్రతిచోటా కొంచెం ముందుకు పోయి కుడికి, మళ్ళీ కుడికి, మళ్ళీ కుడికి తిరిగి ఆ వీధిలోకే వచ్చాను. ఒక టీకొట్టాయన మమ్మల్ని రెండుసార్లు చూసి, మూడోసారి చెయ్యి ఊపాడు. మామకు మాత్రం దోవ మీద అనుమానమే రాలేదు. ఆయన కళ్ళను నమ్మడు, మీటరును నమ్ముతాడు. పెద్ద చక్రాల వల్ల మీటరు తక్కువ చూపింది, నా చుట్ల వల్ల దూరం పెరిగింది, రెండూ కలిసి ఏటా చూపే అంకే చూపింది. "లెక్క సరిగ్గా ఉండాది" అన్నాడు మీటరు దగ్గరికి వంగి చూసి, తృప్తిగా.

వీరాంపట్టినంలో ఆఖరి సందు ఎడమవైపు. అక్కడ నా లెక్క పారలేదు, ఎందుకంటే కుడికి పోతే సముద్రం. మేళాలు దగ్గరగా వినిపిస్తున్నాయి, తేరు కదలబోతోందని జనం పరుగెడుతున్నారు. దేవుడి మీద భారం వేసి ఎడమకు తిప్పాను. చక్రం గర్రుమని ఒరుసుకుని లోపలి రేకులో ఇరుక్కుపోయింది. కారు సందుకు అడ్డంగా నిలిచింది. ముందుకు పోదు, వెనక్కి రాదు, జనం మాత్రం పోగవుతూనే ఉన్నారు.

ఆ జనంలో తేరు మనుషులు కొందరున్నారు. భుజాల మీద మారు కొయ్యలు, ఒక పాత మోకు చుట్ట మోసుకుపోతున్నారు. తేరును తిప్పాలంటే చక్రం కింద కొయ్య పెట్టి మళ్ళిస్తారు, అందులో వాళ్ళు ఆరితేరినవాళ్ళు. వాళ్ళ పెద్దాయన కారును, దాని చక్రాలను చూసి, "రెండో తేరు ఎవరు కట్టినారు?" అని అడిగాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యను.

ఆయన చెయ్యి ఊపగానే ఇద్దరు ముందు చక్రానికి కొయ్య ఆనించారు. ఇంకొకడు మోకు విప్పి కారు ముందు కొక్కేనికి కట్టాడు. ఆ మోకు చూసి మామ తలుపు తీశాడు. ఎవరి సాయమూ లేకుండా, ఎంత తేలిగ్గా దిగాడనుకున్నారు. నేరుగా పోయి రెండు చేతులా మోకు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పెద్దాయన కేక వేశాడు, అందరూ అందుకుని లాగారు, మా కారు మూలుగుతూ సందులోకి తిరిగింది. సరిగ్గా అప్పుడే పక్క వీధిలో టపాకాయలు పేలాయి. తేరు కదిలింది.

ఒక్క వీధి అవతల. ఇన్నేళ్ళ ఆనవాయితీ నా తెలివి వల్ల తెగిపోయింది.

"మామా, తప్పయిపోయింది. నా వల్ల నీకు వడం దక్కలా."

మామ ఇంకా మోకు వదల్లేదు. పెద్దాయనను అడిగాడు, "ఇది ఏ మోకు?"

"కిందటేడు దాకా అమ్మ తేరును లాగింది ఇదే అయ్యా."

మామ అరచేతులు కళ్ళకద్దుకున్నాడు. "అట్లయితే నేను పట్టుకున్నట్టే" అన్నాడు. కస్తూరి మిగిలిన అంబలి అక్కడే తేరు మనుషులకు పోసింది.

మర్నాడే పాత చక్రాలు మళ్ళీ తగిలించాను. పెద్దవి సెల్వానికి తిరిగి ఇచ్చేద్దామని మోస్తుంటే మామ వాకిట్లో అడ్డం నిలబడ్డాడు.

"వాటిని అమ్మబాక మాప్ళ. పైన పరణ మీద దాచిపెట్టు. ఇన్నేళ్ళు జనంలో తోసుకుని తోసుకుని ఒక మూర వడం దొరికేది నాకు. ఈ ఏడే మొదలు, మోకు ముందర నేనే ఉండా. వచ్చే ఏడు మళ్ళా తగిలించు."

అందుచేత అమ్మవారి సాక్షిగా, మీ అందరి ముందూ చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను. నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు ఈ కారుకు పెద్ద చక్రాలు తొడగను, తొడగనివ్వను. ఆడి మాసం తప్ప.