సొరబుర్రలామె విన్న చప్పుడు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నిజానికి మనుషుల్ని కూడా పెద్దగా నమ్మను. సరిహద్దు ఊరు కోంటలో చింతపండు కొనే షావుకారిని నేను, బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూడందే కాటా ఎక్కించను. నమ్మమని మిమ్మల్నీ అడగను. జరిగింది చెబుతాను.

పోయిన ఏడాది మా ఆవిడ పద్మకి ఆయాసం మొదలైంది. వయసు నలభై రెండు. వంగి లేస్తే కళ్ళు తిరిగేవి. ఎడమవైపు పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. ఇక్కడ ఉబ్బసమని మందులిచ్చారు.

ఒక సంత రోజు, పగలు పదకొండింటికి, చింతలనార్ అవతలి నుంచి సొరబుర్రలు అమ్ముకోవడానికి వచ్చిన ముసలామె ఒకతె ఉప్పు కోసం మా కొట్టుకొచ్చింది. ఎండిన బుర్రను చెవి దగ్గర ఊపి, లోపల గుజ్జు గడ్డ కట్టిందో లేదో చెబుతారు వాళ్ళు. ఆమె పద్మ వైపు తల వంచి, బుర్రను విన్నట్టే విన్నది. మధ్యలో బల్ల ఉంది. తాకను కూడా తాకలేదు.

"లోపల గడ్డ ఊగుతాంది బిడ్డా. తొడిమె ఊడలే. చెడ్డది కాదు గానీ, దారికి అడ్డం పడతాంది. తీయించుకో."

"ఏంది, ఏం కావాలె నీకు? కోడా, మేకా?" అన్నాను.

నవ్వి, ఉప్పు తీసుకుని పోయింది. ఏమీ అడగలేదు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది. గుండెలు తీసిన బంటు అనుకున్నాను. పద్మ భయపడుతుందని ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

పది రోజులకు పద్మ కొట్లోనే పడిపోయింది. విశాఖ తీసుకుపోయాం. డాక్టరు గుండె స్కాన్ తెరమీద చూపించాడు. ఎడమ పై గదిలో, తొడిమెకు వేలాడుతున్న గడ్డ. గుండె కొట్టుకున్నప్పుడల్లా కవాటంలోకి జారి వెనక్కొస్తోంది.

"క్యాన్సర్ కాదండీ. అసలు గుండెలో గడ్డలే అరుదు. ఉన్నవాటిలో పెద్దవాళ్ళకి ఎక్కువగా వచ్చేది ఇదే. అదీ ముప్పైకీ అరవైకీ మధ్య ఆడవాళ్ళలో. పసిపిల్లలకొచ్చేది వేరే రకం. మంచి గడ్డే కదా అని వదిలేస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది."

ముసలామే, డాక్టరూ ఒకే మాట ఎలా అన్నారు? ముసలామె ఈ ఆసుపత్రికి ఏజెంటేమో అనుకుని, ఆపరేషన్‌కి సంతకం పెట్టకుండా ఒక పూట కూర్చున్నాను. నవ్వకండి.

"నన్నూ చింతపండు బస్తా అనుకుంటున్నరా?" అంది పద్మ. "చెయ్యి పెట్టేది డాక్టరు. మీరు సంతకం పెట్టండి చాలు."

పెట్టాను. గడ్డ తీశారు. ఇప్పుడు మెట్లు నాకంటే ముందే ఎక్కుతోంది.

తర్వాత మూడు సంతలు వెతికితే ముసలామె దొరికింది. ఎట్లా తెలిసిందని కోయభాషలో అడిగాను. "చప్పుడు వినబడింది" అంది, అంతే.

ఇంటికొచ్చి చెబితే పద్మ ఆశ్చర్యపోయింది. "కోయలో ఎందుకడిగారు? ఆమె నాతో తెలుగులోనే మాట్లాడింది గదా!" అంటూ ఆనాటి మాటలన్నీ తెలుగులో అప్పజెప్పింది, తొడిమెతో సహా.

పద్మది భద్రాచలం. కోయ ఒక్క ముక్క రాదు. నేను ఆ రోజు విన్నది కోయ. ముసలామెకు తెలుగు రాదని, తర్వాతి సంతలో అడిగితే, ఆమె పక్కన బుర్రలమ్మే ఆడవాళ్ళే చెప్పారు. మా కొట్లో రోజూ నాలుగు భాషలు నడుస్తాయి, ఎవరేది మాట్లాడారో ఎవరూ పట్టించుకోరు. అందుకే ఒకే మాటను చెరో భాషలో విన్నామని మాకు అన్నాళ్ళూ తెలియలేదు.

అనుమానించడానికి ఇక నా చెవులే మిగిలాయి. వాటినీ చూపించుకున్నాను. బాగానే ఉన్నాయన్నారు. మరి ఆమె ఆ రోజు ఏ భాషలో మాట్లాడిందో నాకు ఇవాళ్టికీ తెలియదు.