మూడో వరసలో ఐదో దిబ్బ

ఈస్టరుకు ముందు శనివారం, వజ్రకరూరు పక్కనున్న ఆ పల్లెలో సున్నం రోజు. క్రైస్తవులంతా బకెట్లు పట్టుకుని సమాధుల దొడ్డికి పోయి తమవాళ్ల దిబ్బలకు సున్నం కొట్టి వస్తారు. ఆదివారం తెల్లవారుజామున పాస్టరు వెనక కొవ్వొత్తులతో వెళ్లేసరికి అవి తెల్లగా కనబడాలి.

అందరూ ఎండ తగ్గాక పోతారు. సువార్త మాత్రం మిట్టమధ్యాహ్నమే పోతుంది. ఆమెకు అక్కడ మాట్లాడుకునే పని ఉంటుంది.

అరవై రెండేళ్ల మనిషి. చెనక్కాయ చేలల్లో కలుపు తీసీ తీసీ నడుము వంగింది గానీ నోరు వంగలేదు. పుట్టిన ఇద్దరు పిల్లలూ పాలు తాగే వయసులోనే పోయారు. మొగుడు పోయి పన్నెండేళ్లయింది. ఇంట్లో పలకరించడానికి పొయ్యి తప్ప ఎవరూ లేరు. అందుకని వారమంతా పోగైన మాటలను ఆదివారం ఆరాధన కాగానే ఆయన దిబ్బ దగ్గరికి మోసుకుపోతుంది.

మొగుడి పేరు ఆమె నోట ఎన్నడూ రాలేదు. అక్కడి పాతకాలపు ఆడవాళ్లు చెప్పరు. రేషను కార్డు రాయించేటప్పుడు కూడా పక్కింటామెను వెంటబెట్టుకుపోయి చెప్పించింది. బతికున్నప్పుడు ‘ఏమప్పా’ అనేది, పోయాక కూడా అదే పిలుపు. ఆయనా అంతే, జన్మంతా ‘ఏమ్మే’ అనే పిలిచాడు. ఆమె చెప్పని పేరు మనం ముందే చెప్పేయడం మర్యాద కాదు, ఆగుదాం.

“ఏమప్పా, ఈ తూరి గూడా వాన మోసం చేసిండాది. నువ్వు సల్లగా పండుకోనుండావు. పక్కన నా జాగా ఎవురికీ ఇయ్యాకు. పాస్టరుకు గూడా చెప్పిపెట్టినా.”

ఆ పక్కనున్న ఆరడుగుల ఖాళీ మీదే ఆమె ఆశంతా. ప్రభువు మళ్లీ వచ్చి కడబూర మోగిన రోజున సమాధులు తెరుచుకుంటే లేచీ లేవగానే పక్కకు తిరిగి ఆయన మొహం చూడాలి. పరలోకంలో బంగారు వీధులు ఉన్నా లేకపోయినా ఆమెకు పట్టదు. ఒంటరిగా లేవకూడదు, అంతే. శుభ శుక్రవారం మూడు గంటల ఆరాధనలో, సిలువ మీద కుమారుడు ‘నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అని తండ్రిని అడిగిన మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడూ ఆమె వెక్కివెక్కి ఏడుస్తుంది. ఎవరూ లేకుండా ఉండటమంటే ఏమిటో దేవుడికి కూడా తెలుసని ఆమెకు అక్కడే నమ్మకం కుదిరింది.

ఆ శనివారం దిబ్బకు సగం సున్నం పడిందో లేదో, వెనక నుంచి ఎవరో పిలిచారు. గుంతకల్లు రైల్వేలో పనిచేసి రిటైరైన దేవదానం. సొంత ఊరికి తిరిగొచ్చి ఇంకా ఏడాది కాలేదు. చేతిలో బకెట్టు ఉంది.

“ఏమక్కా, మాయమ్మ సమాధికి నువ్వు సున్నం కొడతాండావే?”

“మీయమ్మది యాడదప్పా? ఇది మా ఇంటాయనది. గేటు నుంచి మూడో వరస, ఐదోది. పదేండ్ల నుంచి కొడతాండా.”

 దేవదానం దిబ్బ తలవైపు గొంతుక్కూర్చుని చేత్తో మట్టి తోడాడు. జానెడు లోతులో తిరగలి రాయి బయటపడింది. దాని మీద ఉలితో చెక్కిన అక్షరాలను వేలితో రుద్ది చదివాడు. “రామక్క. అప్పట్లో సిలువ కట్టించే స్తోమత లేక మాయమ్మ తిరగలే పూడ్చినా. పై రాయి ఇప్పటికీ మా ఇంట్లో ఉండాది.”

సువార్త నేరుగా గుంతలు తవ్వే బసప్ప ఇంటికి పోయింది. ముసలాయన చెవులు మందగించినా జ్ఞాపకం మందగించలేదు.

“గేటు అప్పట్లో తూర్పు పక్కనుండె గదమ్మా. ఆయన్ను పూడ్చినంక నువ్వు బెంగుళూరికి కూలికి పోయిన రెండేండ్లలో కంప తీసి గోడ కట్టిరి. గేటు, దారి రెండూ ఉత్తరానికి తిప్పిరి. తూర్పు పక్క జేసీబీతో సదును చేస్తే పదిహేను దిబ్బలు పోయినాయి. మీ ఇంటాయన ఆడనే ఉండాడు. యాడని చూపిచ్చేది?”

ఆయన దిబ్బ మీద పాతిన తుమ్మ కర్ర సిలువ ఎటూ మిగల్లేదు. తిరిగొచ్చిన సువార్త కొత్త గేటు నుంచి పాత లెక్కే పెట్టుకుంది. అది తప్పని చెప్పడానికి పక్కన ఎవరున్నారు కనుక!

మళ్లీ దొడ్డికి వచ్చి, తొలకరిలో వజ్రాలు వెతికేవాళ్లలా ఆ చదును నేలంతా వంగి చూసుకుంటూ తిరిగింది. గులకరాళ్లు, ఎండిన గడ్డి. అంతకు మించి ఏమీ దొరకలేదు. సిగ్గేసింది, కోపమొచ్చింది. పదేళ్ల గొడవలూ ఏడుపులూ ఎవరో రామక్క వింటూ పడుకుంది. ఆయనకు ఒక్క మాటా చేరలేదు. ఎవరినైనా అడుగుదామంటే ఆ శనివారం దేవుడు కూడా సమాధిలోనే ఉన్నాడు.

అయినా రామక్క దిబ్బను సగం సున్నంతో వదిలేయడానికి చేతులు రాలేదు. మిగతా సగం కూడా కొట్టింది. దేవదానం బకెట్టు పట్టుకున్నాడు.

తెల్లవారుజామున పాస్టరు సమాధుల నడుమ నిలబడి మగ్దలేనె మరియ కథ చదివాడు. ఖాళీ సమాధి దగ్గర ఏడుస్తున్న ఆమె ఎదురుగా ప్రభువు నిలబడినా పోల్చుకోలేదు, తోటమాలి అనుకుంది. పేరు పెట్టి పిలిచాక గానీ ఆమెకు తెలియలేదు. సువార్త ఆ కథ నలభైసార్లు విని ఉంటుంది. ఈసారి మాత్రం అది మనసులో దిగబడిపోయింది.

పాట మొదలైంది. అందరూ తమ తమ దిబ్బల మీద కొవ్వొత్తులు పెట్టుకుంటున్నారు. సువార్త తన కొవ్వొత్తి పట్టుకుని తూర్పు వైపు బోడి నేల మీదికి ఒక్కతే నడిచింది.

“ఏమప్పా,” అంది, అలవాటు కొద్దీ.

అని ఆగిపోయింది. ఆ మట్టి కింద పదిహేను మంది. అందులో ప్రతి మగవాడూ ఎవరో ఒకరికి ‘ఏమప్పా’నే. ఎవరు పలకాలి? చుట్టూ చూసింది, దగ్గర్లో ఎవరూ లేరు. 

“ఓబుళేసూ,” అంది.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. గాలికి కొవ్వొత్తి ఆరిపోయింది. ఈసారి గట్టిగా పిలిచింది.

“ఓబుళేసూ! నేను సువార్తను. నువ్వు యాడుండావో నాకు తెల్దు, లేపేటాయనకు తెలుసు. నన్ను గూడా ఈ పక్కనే యాడో పూడ్చమని చెప్తా. ఆయన నిన్ను పిలిచినప్పుడు లేసి, నన్ను ఒకసారి పేరు పెట్టి పిలువు.”