షెల్ఫులో ఉన్నట్టు చూపించిన పుస్తకం

ఆరేళ్లుగా ఒక్క మాట మోస్తున్నాను. "ఇంకోసారి చేయదు లెండి." అన్నది నేనే. ఎవరితో అన్నానో, ఎవరి గురించి అన్నానో ఇంతవరకు ఒక్కరికీ చెప్పలేదు. ఇరవై రెండో ఏట మొదలుపెట్టి రోజూ రాస్తున్న డైరీకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే చెప్పేదాన్ని కాదేమో.

ముందే ఒకటి స్పష్టం చేస్తాను. మీరు తప్పనుకోబోయేది వేరు, నేను తప్పని ఒప్పుకునేది వేరు. మొదటిదానికి నేను తల దించను.

కొండాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. వారానికి ఒక పీరియడు, పిల్లకొక పుస్తకం, రెండు వారాల గడువు. పుస్తకం స్కాన్ చేయగానే తల్లిదండ్రుల ఫోనుకు దాని పేరు మెసేజ్‌గా వెళ్తుంది. గడువు దాటితే ఇంకో మెసేజ్ దానంతటదే వెళ్తుంది. రెండో శనివారం తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చుని చదువుకోవచ్చు. వచ్చేవాళ్లు తక్కువ. మెసేజ్ చూసుకుని బిడ్డ చదువు సంగతి తెలిసిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ.

మల్లేశ్ గారు మాత్రం వచ్చేవారు. నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు. కూతురు అఖిల తొమ్మిదిలో ఉంది. బిడ్డకు కథల పుస్తకాలు ఇయ్యొద్దని ఒక శనివారం నాతో గట్టిగా చెప్పారు. లెక్కలు, సైన్సు గైడ్లు మాత్రమే ఇవ్వాలట. కథలు చదివిన వాళ్లకు ఆ టవర్లలో ఎవరు ఉద్యోగమిస్తారని నవ్వారు. ఆయన ఆశలో తప్పులేదు. రోజూ ఆ గేటు తెరిచే మనిషి, కూతురు అందులోంచి లోపలికి నడవాలనుకున్నాడు.

కానీ ఆ పిల్ల పుస్తకం పట్టుకునే తీరు నేను చూశాను. బల్ల దాకా వచ్చేలోపే రెండు పేజీలు అయిపోయేవి. కాబట్టి నేనొక పని చేశాను. సైన్సు గైడు స్కాన్ చేసి, దాన్ని మళ్లీ షెల్ఫులో పెట్టి, నవల ఆమె చేతికిచ్చాను. నవల తిరిగొచ్చిన రోజున గైడు తిరిగొచ్చినట్టు కొట్టాను. ఏడాదిలో ఇరవై మూడు నవలలు. "మేడం, ఈసారి మా నాయినకు ఏం పంపిస్తున్నరు?" అని నవ్వుతూ అడిగేది. "రసాయన శాస్త్రం" అంటే, "పాపం, శాన ఖుషీ అయితడు" అనేది.

దీనికి క్షమాపణ చెప్పమంటారా? చెప్పను. ఆ పిల్ల ఇవాళ వచ్చి నిలబడితే మళ్లీ అలాగే ఇస్తాను. తండ్రి మాట కాదనే హక్కు నాకెక్కడిదని ఎన్నోసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. జవాబు దొరకలేదు. అయినా ఇస్తాను.

నా తప్పు తర్వాత మొదలైంది. నేను రిటైరవడానికి రెండు నెలల ముందు కంటి ఆపరేషన్‌కి వారం సెలవు పెట్టాను. అఖిల గైడు గడువు ఆ వారంలోనే ఉందన్న సంగతి, ప్రతిదీ రాసుకునే నేనే, మరిచిపోయాను. మెసేజ్ వెళ్లిపోయింది. మల్లేశ్ గారు గైడు కోసం ఇల్లంతా వెతికారు. దొరికింది నవల. నేను తిరిగి చేరిన రోజునే, కూతుర్ని వెంటబెట్టుకుని దాన్ని అప్పజెప్పడానికి వచ్చారు.

"నమస్తే మేడం. జర చూడుండ్రి, గిది మీదేనా? పరుపు కింద దొరికింది."

"మాదేనండి."

"కంప్యూటర్ల ఏం చూపెడ్తుంది?"

చూశాను. చూడక్కర్లేదు, నాకు తెలుసు. "షెల్ఫులో ఉన్నట్టు చూపిస్తోందండి."

ఆయన కూతురి వైపు తిరిగారు. "అడిగి తెచ్చినవా, అడగకుంట తెచ్చినవా?"

అఖిల నావైపు చూసింది. నేను కంప్యూటర్ వైపు చూశాను.

"అడగకుంట తెచ్చిన నాయినా."

"మరి గైడు?"

"ఈడనే షెల్ఫుల ఉంది. నేను ఇంటికి కొంటవోలే."

ఆయన నావైపు తిరిగారు. "వచ్చేటోళ్ల, పోయేటోళ్ల సంచులు చూసే పని మేడం నాది. నా బిడ్డ సంచి చూడాలని ఎన్నడు అనుకోలే. మాఫ్ చెయ్యుండ్రి. ప్రిన్సిపాల్ సార్ దాక పోనియ్యకుండ్రి."

"ఇచ్చింది నేనే" అంటే సరిపోయేది. నేనన్నది ఇది: "ఫర్వాలేదండి, చిన్నపిల్ల. ఇంకోసారి చేయదు లెండి."

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? రెండు నెలల్లో ఎలాగూ పోయేదే. అసలు కారణం మరీ చిన్నది. నా రికార్డుల్లో ఒక్క పొరపాటు లేదని వీడ్కోలు సభలో చెప్పబోతున్నారు. చెప్పారు కూడా. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పించుకున్నాను.

మల్లేశ్ గారు ఆమె లైబ్రరీ కార్డు నా బల్ల మీద పెట్టి వెళ్లారు, ఇక దీనికి వద్దని. నేనున్నన్నాళ్లు అఖిల మళ్లీ లోపలికి రాలేదు. నన్ను కాపాడింది, దొంగ పేరు మోసింది.

పోయిన వారం హఫీజ్‌పేట్ స్టేషన్ బయట షేర్ ఆటోలో మల్లేశ్ గారు కలిశారు. నాకు చోటిచ్చి తాను డ్రైవరు పక్కకి జరిగారు. అఖిల ఇంజనీరింగు చదువుతోందట. ఆనాడు నేను పెద్ద మనసు చేసుకున్నానని చేతులు జోడించారు. అప్పుడైనా చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. కొండాపూర్‌లో దిగిపోయాను.

ఇంటికొచ్చి ఆ ఏటి డైరీ తీశాను. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: "మల్లేశ్ గారు వచ్చారు. పుస్తకం తిరిగి వచ్చింది. మధ్యాహ్నం వాన." ఒక్క మాటా అబద్ధం కాదు. అదే దాని నీచత్వం. పేజీల మధ్య అఖిల కార్డు ఉంది. కార్డు వెనక తండ్రి ఫోను నంబరు ఉంది. ఫోను చేస్తానని ఇక్కడ మాటివ్వను. జరగనిది నేను రాయను.

మా లైబ్రరీ పద్ధతిలో రిజిస్టరులో తప్పు పడితే చెరపకూడదు. పాత అక్షరాలు కనిపించేలా ఒకే గీత కొట్టి, సరైనది పైన రాసి, సంతకం పెట్టాలి. డైరీలో పుస్తకం తిరిగి వచ్చిందన్న మాటల మీద స్కేలు పెట్టి ఒక గీత కొట్టాను. కింద పాత మాటలు చదవడానికి వస్తూనే ఉన్నాయి. పైన ఎర్ర సిరాతో రాశాను: పుస్తకం ఇచ్చింది నేను.

సంతకం డైరీలో పెట్టాను. ఇక్కడ పెట్టే ధైర్యం ఇంకా రాలేదు.