జ్వరం కోసం మద్రాసు ప్రయాణం

సూళ్లూరుపేటలో మా అన్న కొట్లో బియ్యం, బెల్లం తర్వాత బాగా పోయే సరుకు జ్వరం బిళ్లలు. ఒళ్లు వెచ్చబడితే జనం డాక్టరు దగ్గరికి పోయేవారు కాదు, మా దగ్గరికి వచ్చేవారు. అలాంటి ఇంట్లో పుట్టిన మేము పంతొమ్మిదివందల అరవైల్లో ఒక వేసవిలో జ్వరం తెప్పించుకోవడానికి పనిగట్టుకుని రైలెక్కి మద్రాసు పోయాం.

అన్నకు కుడిచేతి మీద, మోచేతికి పైన, ఒక గడ్డ లేచింది. తక్కెడ పట్టే చెయ్యి అది. బస్తాలు మోసిన వాపనుకున్నాం. మద్రాసులో పెద్దాసుపత్రి వాళ్లు కేన్సరని, చెయ్యి తీసెయ్యాలని తేల్చారు. మొదట చెప్పిన ధరకు ఒప్పుకునే అలవాటు మాకు లేదు. మోచేతి కిందివరకు తీస్తే సరిపోదా అని నేను బేరం మొదలుపెట్టాను. గడ్డ మోచేతికి పైన ఉందని అక్కడి సర్జను ఓపికగా గుర్తుచేశాడు.

అదే ఆసుపత్రిలో పరిశోధన చేసే తెలుగు డాక్టరు ఒకాయన ఉండేవాడు. చంపిన సూక్ష్మక్రిములను సూదితో ఎక్కిస్తే జ్వరం లేస్తుందట. క్రిముల మీదికి లేచిన ఒళ్లు అదే ఊపులో గడ్డ మీద కూడా పడుతుందేమో చూడాలట. పూర్వం కొందరికి కరిగిందనీ, చాలామందికి కరగలేదనీ ఆయనే చెప్పాడు. సరుకులో లోపాన్ని ముందే చెప్పే మనిషిని నేను అదే మొదటిసారి చూడటం. పైగా మందు ఉచితం. ఉచితమంటే మా ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు. చచ్చిన క్రిములు గనక ఊరికే ఇస్తున్నారనీ, బతికున్నవైతే డబ్బులడిగేవారనీ అన్న సర్దిచెప్పుకున్నాడు. కొన్ని వారాలు చూసి, గడ్డ తగ్గకపోతే చెయ్యి తీసేట్టు ఒప్పందం. షరతు ఒక్కటే, జ్వరాన్ని దాని మానాన వదిలెయ్యాలి.

ఇంటికి పోయి, వంటకూ సేవకూ వదినను వెంటబెట్టుకుని మళ్లీ రైలెక్కాం. ఆ షరతు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదనుకుంటారేమో. డాక్టరూ చెప్పాడు, నేనూ చెప్పాను. ఆమె తలూపింది.

పొద్దున సూది పడితే మధ్యాహ్నానికి అన్న వణికేవాడు. సాయంత్రానికి చల్లబడేవాడు. డాక్టరు మందు పెంచాడు. అయినా అంతే. ఎండకు చెడిందేమోనని సీసాలు మార్చాడు. మందు పంపేవాడు నీళ్లు కలుపుతున్నాడేమో కనుక్కోమని నేను అనుభవం కొద్దీ సలహా ఇచ్చాను. ఆయన నిజంగానే కనుక్కున్నాడు, పాపం.

ఒకరోజు ఆయన మంచం పక్కన నిలబడి, ఈ ఒంట్లో జ్వరమే నిలవడం లేదని నీరసంగా అంటుంటే వదినకు జాలేసింది.

"మీరేం దిగులుపడబాకండి డాక్టరుగారూ. జొరం బాగానే వస్తా ఉండాది. నేనే దించతా ఉండా."

కొంగు ముడి విప్పి చూపింది. మా కొట్టు బిళ్లలే. గంజిలో నూరి కలిపేదట.

"దించొద్దని చెప్పినాను కదమ్మా," అన్నాడాయన.

"జొరం రావాలన్నారు, వచ్చింది గదా. వచ్చినాక కూడా మనిషి కాలిపోతా ఉంటే చూస్తా కూచోవాలంటే ఎట్టయ్యా?"

అన్న మంచం మీద నుంచి, "కొట్లో ఏమన్నా మిగిల్చినావా, అంతా మూటగట్టకొచ్చినావా?" అని అడిగాడు.

అప్పటిదాకా రాసుకున్నదంతా డాక్టరు కొట్టేశాడు. గడువు పొడిగించమని నేను అడిగితే, గడ్డ కూడా ఒప్పుకోవాలి గదా అన్నాడు. అది అప్పటికే పెరిగింది. అయినా కొద్దిరోజులు ఇచ్చాడు. ఈసారి వచ్చిన జ్వరానికి ఇనప మంచం కిర్రుమంది. వదిన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, తడిగుడ్డ వైపు చూడకుండా గోడవైపు తిరిగి కూర్చుంది. గడ్డ మెత్తబడింది. కొంచెం తగ్గిందని డాక్టరు కూడా అన్నాడు. తర్వాత మళ్లీ పెరిగింది. చెయ్యి తీసేశారు.

బిళ్లలు వెయ్యకుండా ఉంటే చెయ్యి దక్కేదా అని ఆయన్ను పక్కకు పిలిచి అడిగాను.

"తెలియదు. అది తెలుసుకుందామనే గదా ఇదంతా మొదలుపెట్టింది."

అన్న బతికాడు. కొట్లో ఎడమచేత్తో తక్కెడ పట్టేవాడు, వదిన గింజలు పోసేది. తూకం ఎప్పుడూ మా వైపే మొగ్గేది. ఒంటిచేతి మనిషిని నిలదీయడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. ఆ లాభమంతా బిళ్లల దగ్గర పోయింది. ఎవరైనా వచ్చి బిళ్ల అడిగితే అన్న, "ఎంతసేపయింది జొరమొచ్చి? ఉండనీ, దాని పని దాన్ని చెయ్యనీ," అనేవాడు. వాళ్లు ఎదురు కొట్టుకు పోయేవారు. అన్న భోజనానికి లోపలికి పోయినప్పుడైనా నాలుగు బిళ్లలు అమ్మమని నేను వదినకు సైగ చేసేవాణ్ని. ఆమె ఆ డబ్బా మూత ముట్టుకునేది కాదు.