రబ్బరు పాల పక్కగుడ్డ

అరచేతిలో కర్పూరం వెలిగించుకుని చెబుతున్నాను: ఇందులో ఒక్క పొల్లు మాట లేదు. హుటాన్ మెలింటాంగ్ అనే ఊరి ఏట్లో మొసలి వీపు మీద నిలబడి వల విసిరానని నేనొకసారి చెప్పిన మాట వాస్తవమే. అది వేరే సంగతి. దాన్నీ దీన్నీ కలపకండి.

అప్పుడు మేం మలయాలో, బటాంగ్ బెర్జుంటై అనే ఊరి దగ్గర ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్ళం. నేను తోట ఆఫీసులో కిరాణిని, అంటే గుమాస్తాని. తెల్లవాళ్ళు అక్కడ ఎమర్జెన్సీ పెట్టిన రోజులు. అడవిలో తుపాకులు పట్టి తిరిగేవాళ్ళకి తోటల్లోవాళ్ళు తిండీ గుడ్డా అందిస్తున్నారని మా ఇళ్ళన్నిటినీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. పొద్దుగుంకితే కర్ఫ్యూ. గడప దాటకూడదు, దీపం కనబడకూడదు. మా ఇల్లు సరిగ్గా కంచె పక్కనే.

నా కూతురికి రెండో ఏడు నడుస్తోంది. పగలంతా బంగారం. పడుకుందంటే మాత్రం గట్టు తెగేది. కట్టిన గుడ్డ తడిసి, చాప తడిసి, వీపు చల్లబడి, లేచి ఆరున్నొక్క రాగం అందుకునేది. గుడ్డ మార్చాలంటే వెలుతురు కావాలి. ఒకసారి అగ్గిపుల్ల గీశానో లేదో, బయట పహరావాడు తుపాకీ మడమతో తలుపు మీద గుద్ది మలాయ్‌లో అరిచాడు. పుల్ల నా వేళ్ళ దాకా కాలి ఆరింది. నేను చెయ్యి కూడా విదల్చలేదు. ఆ తర్వాత పిల్ల గొంతు లేచిందంటే మా ఆవిడ దాని నోరు మూసేది. అది గింజుకునేది. ఆ చీకట్లో నాకు రెండు భయాలు. బయటివాడికి ఏడుపు వినబడుతుందేమోనని ఒకటి. లోపల ఆ ఏడుపు మొత్తానికే ఆగిపోతుందేమోనని ఇంకొకటి.

ఎలాగైనా ఆ కారడం ఆపాలి. పాత నేతచీర నాలుగు మడతలు వేసి కట్టాం. తొడల దగ్గర వదులైతే పక్కనుంచి కారేది, బిగిస్తే ఒరుసుకుని ఎర్రగా కందేది. మందం వెనక్కి పెట్టి కడితే అది బోర్లా తిరిగేది, ముందుకి పెడితే వెల్లకిలా పడుకునేది. చీకటి పడ్డాక నీళ్ళు తగ్గించాం. పడుకోబెట్టే ముందు డబ్బా మీద కూర్చోబెట్టి అందరం కలిసి "ఉస్స్" అనేవాళ్ళం. అది మా మొహాలు చూసి చప్పట్లు కొట్టేది.

"ఇంత పిల్లకి అన్ని నీళ్ళెక్కడివో!" అన్నాన్నేను.

"మీ బిడ్డే కదా బాబూ," అంది మా అత్తగారు. "ఉన్నదానికి పదింతలు సేసి సూపిస్తాది."

రబ్బరు తోటలో ఉంటూ తడికి భయపడటమేమిటని నాకొక రోజు తట్టింది. తొట్టి అడుగున మిగిలిన రబ్బరు పాలు ఫ్యాక్టరీ మేస్త్రిని అడిగి ఒక డబ్బాడు తెచ్చాను. పాత పంచె ఒకటి పరిచి పూత మీద పూత పూశాను. పిల్లకి సరిపడా పూస్తే పోయేది. నాకు ఏదీ చిన్నగా చెయ్యడం చేతకాదు. చాప మొత్తానికీ సరిపడా పూశాను.

ఆరడానికి బయట దండెం మీద వెయ్యబోతే అత్తగారు అడ్డం పడింది.

"పసిపిల్ల గుడ్డలు పొద్దుగుంకేక బయటుంచుతారేటి? పైనించి పిట్ట ఎగిరిపోతే ఆ నీడ పిల్లకి తగుల్తాది. సిక్కి సగమైపోద్ది."

లాక్కెళ్ళి వంటింటి అటక మీద కట్టెల వెనక వేసింది. పొగ తగిలితే రబ్బరు గట్టిపడుతుంది కదా అని నేనూ ఊరుకున్నాను. బాగా ఆరాక చుట్టచుట్టి అక్కడే పెట్టింది. రేపు రాత్రినుంచి హాయిగా పడుకుంటాం అనుకున్నాను.

తెల్లారగానే సోదా. లారీల్లో సోల్జర్లు దిగి అందర్నీ ఇళ్ళముందు నిలబెట్టారు. మా ఇంట్లో దూరిన మలాయ్ కార్పొరల్ ఆ చుట్టని చంకలో పెట్టుకుని వచ్చాడు. వాళ్ళ ఆఫీసరు తెల్లదొర దాన్ని నేలమీద విప్పించాడు. ఆరడుగుల గుడ్డ, చుక్క నీరు దిగని గుడ్డ. అడవిలో వానకి తడుస్తూ పడుకునేవాడికి బియ్యం కంటే ముద్దు. నేను తయారుచేసిందేమిటో నాకప్పుడు తెలిసింది.

"ఇది ఎవరికి?" అన్నాడు కార్పొరల్ మలాయ్‌లో.

"పాపకి, ట్వాన్," అన్నాను. ట్వాన్ అంటే దొర.

దొర మా ఆవిడ చంకలో పిల్లని చూశాడు. గుడ్డని చూశాడు. అందులో అలాంటి పిల్లలు పదిమంది పడతారు.

"పాప గుడ్డయితే కట్టెల వెనక ఎందుకు దాచావు?"

"పిట్ట నీడ సంగతి సెప్పు బాబూ!" అని వెనకనుంచి అత్తగారు.

చెప్పాను. భయంతో నా మలాయ్ ముక్కలైపోయింది. పిట్టా నీడా పిల్లా అన్నీ ఉన్నాయి, ఒకదానికొకటి అతకలేదు. దొర కళ్ళు చిన్నవి చేసి "ఏ పిట్ట?" అని అడిగించాడు.

"ఏదైనా సరే, ట్వాన్."

లారీ వెనక తలుపు దించారు. అంతకుముందు అలా ఎక్కిన మేస్త్రి ఒకడు మళ్ళీ రాలేదు. ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు. అడిగినవాడూ ఎక్కాలి. చుట్టూ నాతో రోజూ టీ తాగేవాళ్ళే. అందరూ నేల చూస్తున్నారు.

సంతల్లో మాట్లాడే మలాయ్ మా ఆవిడకి నాకంటే బాగా వచ్చు. పిల్లని తెచ్చి, మొలగుడ్డ విప్పి, రబ్బరు గుడ్డ మధ్యలో కూర్చోబెట్టింది. "ఈ పిల్ల ఇప్పుడే పోస్తుంది. చుక్క కిందికి దిగితే నన్ను కూడా ఎక్కించుకోండి" అంది. దొర సిగరెట్ ముట్టించి, సరే అన్నట్టు తలాడించాడు.

సోల్జర్లూ మేమూ అందరం ఒక పసిపిల్ల పిర్రలకేసి చూస్తూ నిలబడ్డాం. అది కార్పొరల్ బూటు లేసు పట్టుకు లాగుతోంది.

"ఉస్స్... ఏటే, రేత్రంతా ఏరులు పారిస్తావు, ఇప్పుడేటొచ్చింది? పొయ్యవే, మా తల్లి కదూ!" అంది అత్తగారు.

నీళ్ళు తాగించారు. లాభం లేదు. సిగరెట్ అయిపోతోంది. లారీ ఇంజన్ మోగింది.

అప్పుడు పిల్ల మొహం ఎర్రగా చేసింది. ధార! గుడ్డ మీద మడుగు కట్టి, ఒక్క చుక్క ఇంకకుండా, అంచుదాకా పరుగెత్తి దొర బూటు మీద పడింది. ముందు కార్పొరల్ నవ్వాడు. దొర గడ్డిలో బూటు తుడుచుకుని, గుడ్డని చిన్నగా కత్తిరించుకోమని చేత్తో సైగచేసి లారీ ఎక్కాడు.

ఆ గుడ్డ పనిచేసింది కూడా. ఒట్టి రబ్బరు మీద పడుకోబెడితే చెమటకి పొక్కులొచ్చాయి. దానిమీద మెత్తటి చీరమడత వేశాక పిల్లకీ చాపకీ కూడా సుఖం. ఏడుపు లేదు, అగ్గిపుల్ల లేదు.

మెర్దేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది, కంచె పీకేశారు. ఇప్పుడు చెప్పినా లారీ రాదు కాబట్టి చెబుతున్నాను. ఒక్క ముక్క కల్పించాను. పిల్ల పొయ్యలేదు. ఎంత బతిమాలినా మహారాణిలా పొడిగా కూర్చుంది. కార్పొరల్ నా జబ్బ పట్టుకుని లారీ వైపు తిప్పాడు. అప్పుడు తడిసింది, ఆఫీసుకని వేసుకున్న నా తెల్ల ప్యాంటు. ఆపుదామన్నా ఆగలేదు. దొర నా కాళ్ళ దగ్గర నేలని చూశాడు, పొడిగా ఉన్న పిల్లని చూశాడు, ఆరడుగుల గుడ్డని చూశాడు. గుడ్డ కొలత అతనికి అప్పుడు సరిపోయింది.

"అవును ట్వాన్," అంది మా ఆవిడ, కళ్ళు దించుకుని. "ఆయనకే. సిగ్గుపడి పాపకని చెప్పారు."

నా జబ్బ వదిలేశారు. లారీ దుమ్ములో కలిసిపోయేదాకా ఒక్కరూ కదల్లేదు, ఒక్కరూ నవ్వలేదు. ఈనాటికీ ఆ కూలీ ఇళ్ళ లైన్లలో ఎవరిని కదిపినా పిల్లే పోసిందంటారు. అలా చెప్పమని నేనెవర్నీ అడగలేదు.