సునీత పేరు కింద రెండో వరుస

నేను హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఆగస్టులో కొల్లేరు పొంగినప్పుడు, నన్ను ఏలూరులో వరద డ్యూటీకి వేశారు. నెలలు నిండిన గర్భిణులను లంక గ్రామాల నుంచి పడవల్లో ముందుగానే ఆసుపత్రికి చేర్చాలి. ఎవరి కోసం పడవ వెళ్లాలో జాబితా చేసేది నేను.

వివరాలన్నీ ఒక వెబ్ పేజీలో ఉండేవి. ఒక్కో పేరు ఒక్కో వరుస. పేరు పక్కన ప్లస్ గుర్తు నొక్కితే కింద మరో వరుస తెరుచుకుని, ఆమె ప్రస్తుతం ఎక్కడ ఉందో చెబుతుంది. మాకు కావలసింది అదే. తొలి కాన్పుకు ఆడపిల్లలు పుట్టింటికి వెళ్తారు గనుక పేరు నమోదైన ఊరు ఒకటి, మనిషి ఉండే ఊరు ఇంకొకటి. ఆ వారంలో కాన్పు ఉన్నవాళ్లు మాత్రమే కనబడేలా ఫిల్టర్ పెట్టాను. పదకొండు మంది మిగిలారు. ఒక్కొక్కటీ నొక్కే ఓపిక లేక ‘అన్నీ తెరువు’ నొక్కి ప్రింటు తీశాను.

ముదినేపల్లి కోడలు సునీత పేరు కింద రెండు వరుసలు వచ్చాయి. మొదటిది ఒక లంక గ్రామం, రెండోది తాడేపల్లిగూడెం. ముప్ఫై ఏళ్లు రిజిస్టర్లు రాసినవాణ్ని. మార్పు ఉంటే పాతది అలాగే ఉంచి దాని కింద కొత్తది రాయడం మా పద్ధతి. కాబట్టి కింది వరుసే తాజా సమాచారం అనుకున్నాను. గూడెంలో క్షేమంగా ఉంది కదా అని పడవ జాబితాలో ఆమె పేరు కొట్టేశాను. నా తెలివికి కాస్త మురిసిపోయాను కూడా.

మధ్యాహ్నం ఆ లంకలో పనిచేసే ఏఎన్ఎం మేరీరత్నం ఫోన్ చేసింది.

“ఏవండీ, పడవ ఇటు రాలేదేంటండీ? సునీతకి పొద్దుట్నుంచీ నొప్పులండీ.”

“సునీత గూడెంలో కదమ్మా ఉంది?”

“నా ముందే మంచం మీద ఉందండీ. గూడెం అని మీకెవరు చెప్పారండీ?”

ఖాళీగా తిరిగొస్తున్న పడవను ఫోన్‌లో అటు మళ్లించాను.

కంప్యూటర్ ఆపరేటర్ దుర్గ ఫిల్టర్ తీసి చూపించింది. నేను నొక్కిన బటన్ కనబడని వరుసలను కూడా తెరిచింది. దాగిన పేర్లు దాగే ఉన్నాయి, వాటి వివరాలు మాత్రం బయటికొచ్చి పైనున్న పేరు కింద చేరాయి. గూడెంలో ఉన్నది లక్ష్మి అనే మరో ఆమె. ఆమెకింకా ఐదో నెల. అదే పద్ధతిలో నేను కొట్టేసిన పేర్లు ఇంకో రెండున్నాయి.

వెంటనే ఫోన్లు చేశాం. ఆ ఇద్దరూ లంకల్లోనే ఉన్నారు. సాయంత్రంలోగా తీసుకొచ్చాం. సునీత మాత్రం పడవలోనే ప్రసవించింది. పిల్ల చాలాసేపు ఏడవలేదట, తర్వాత ఏడ్చింది.

పడవ ఆగిన గట్టు మీద, సునీత వెంట వచ్చిన మేరీరత్నానికి తప్పు నాదేనని చెప్పాను. ఆమె చీర మోకాళ్ల దాకా రక్తం. “ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేదండీ” అంది.

ఫిల్టర్ పెట్టాక కనబడే వరుసలనే, ఒక్కొక్కటిగా తెరవాలి. ఆ మనిషి దగ్గరున్నవాళ్లతో మాట్లాడకుండా ఏ పేరూ కొట్టేయకూడదు. ఇది నేను నేర్చుకునే సరికి నా సర్వీసు రెండేళ్లే మిగిలింది.